ఇల్లు, కావలి, ఊరు: చీరాల పరిసరాల్లో గృహరక్షణ చరిత్ర – సాహిత్య సాక్ష్యం

ప్రస్తావన

శాసనాలు, కైఫీయత్తులు, రెవెన్యూ దస్తావేజులతో పాటు కావ్యాలు, సామెతలు కూడా సాంఘిక చరిత్రకు ఆకరాలేనని సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) నిరూపించింది. ఆ మార్గంలో తెలుగువారి ఆహారం, వేషభాషలు, వినోదాలు, పండుగల గురించి విస్తృతమైన కృషి జరిగింది. ఇంటి భద్రత విడిగా చర్చకు వచ్చిన సందర్భాలు మాత్రం తక్కువ. రాత్రి తలుపు వేసుకొని పడుకొన్న కుటుంబం దేనిని నమ్మి నిద్రపోయింది? గడియనా, పొరుగింటినా, తలారినా, సర్కారునా? కాలక్రమంలో ఈ ప్రశ్నకు సమాధానం మారుతూ వచ్చింది. ఆ మార్పును చీరాల పరిసర ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చీరాలను ఎన్నుకోవడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది, ఇది నేతపని మీద ఎదిగిన ఊరు. నేతగాడికి ఇల్లే పనిచోటు, పెట్టుబడి దాచుకొనే చోటు కూడా. రెండవది, చీరాల–పేరాల ప్రజలు 1921లో తమ ఇళ్ళను తామే ఖాళీ చేసి ఊరి వెలుపల గుడిసెల్లో నివసించారు. మూడవది, ఆస్తిపరుల ఇళ్ళకు రక్షణ పేరుతో కొన్ని సంచార కుటుంబాలను నిర్బంధంగా ఉంచిన స్టువర్టుపురం ఇక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఉంది. ఈ మూడింటినీ కలిపి చదివినప్పుడు గృహరక్షణ అంటే తాళాల చరిత్ర మాత్రమే కాదని, ఊరు ఎవరిని తనవారిగా లెక్కించింది, ఎవరిని బయట ఉంచింది అన్న చరిత్ర కూడా అని తెలుస్తుంది.

నేత ఇల్లు – వీధి చూపు

చీరాల సముద్రతీరానికి దగ్గరగా, ఇసుకనేల మీద వెలసిన ఊరు. 'క్షీరపురి' అన్న సంస్కృత రూపం పండిత వ్యవహారంలో కనిపిస్తుంది. ఇక్కడి రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాల దాకా ఎగుమతి అయ్యాయి. పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం వంటి చుట్టుపక్కల ఊళ్ళు కూడా మగ్గం మీద ఆధారపడినవే.

నేత కుటుంబపు ఇంట్లో గుంట మగ్గానిది ప్రధానస్థానం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చునే నేతగాడి చుట్టూనే ఇంటి తక్కిన వ్యవహారం సాగుతుంది. నూలు, అద్దకపు సామగ్రి, నేసిన బట్ట అన్నీ అదే కప్పు కింద ఉంటాయి. అందువల్ల దొంగతనం కన్న ముందు ఈ ఇంటికి ఉన్న భయం నిప్పు, నీరు. తాటిచెట్లు విస్తారంగా ఉన్న ఈ తీరంలో సామాన్యుల ఇళ్ళకు తాటాకే కప్పు. వేసవి గాలికి ఒక ఇంటి నిప్పు వరుస ఇళ్ళను పట్టుకోగలదు. వానాకాలంలో మగ్గం గుంటలోకి నీరు ఊరితే పని ఆగిపోతుంది. తాటాకు నుంచి గూన పెంకుకు, దాని నుంచి మంగుళూరు పెంకుకు, ఆపైన డాబాకు జరిగిన మార్పును సాధారణంగా హోదాకు గుర్తుగా చెబుతారు. నేత ఇంటి విషయంలో అది హోదా కన్న ముందు రక్షణ.

కలిగినవారి ఇళ్ళలో రక్షణ వేరుగా అమరింది. వీధి తలుపుకు అడ్డగడియ, దొడ్డివాకిలికి గొళ్ళెం, గదిలో భోషాణం, పైన అటక, తర్వాతి కాలంలో ఇనప్పెట్టె. ఇంట్లోకి పోయే కొద్దీ ఒక్కొక్క పొర బిగుస్తుంది. కాని ఈ ఏర్పాటంతా వీధివైపున్న అరుగు మీద ఆధారపడింది. అరుగు ఇంటిదీ వీధిదీ కూడా. దాని మీద పడుకొనే ఇంటి పెద్ద, కూర్చొని మాట్లాడే పొరుగువారు, బాటసారి అందరూ ఎరగకుండానే ఇంటికి కాపలా. నేత వీధుల్లో దీనికి మరొక అంశం తోడైంది. పడుగు చాపి గంజి పెట్టే పనికి వీధి పొడవంతా కావాలి, ఒకరికి మించి చేతులు కావాలి. తెల్లవారుజామునే ఇంటిల్లిపాదీ వీధిలో ఉంటారు. కొత్త మనిషి వీధిలో అడుగు పెడితే పదిమంది కళ్ళు పడతాయి. ఎవరూ నియమించని ఈ కావలికి జీతం లేదు. దానికి మూలం పని.

సామెతలో, కావ్యంలో దొంగ

ఈ వ్యవస్థ లోపాలను గుర్తించినవి సామెతలు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్న సామెత గడియ, తాళం, అరుగు అన్నీ బయటివాడి కోసమేనని గుర్తుచేస్తుంది. "దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు" అన్నది కావలి ఉండడం వేరు, వేళకు పనిచేయడం వేరు అని చెబుతుంది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు" అన్న సామెత పొరుగు సాయం మీద జాతికున్న నమ్మకానికి ఎదురు సాక్ష్యం. సామూహిక జీవితాన్ని గురించి ఈనాడు వ్యక్తమయ్యే మెచ్చుకోలును ఈ మూడు సామెతల పక్కన పెట్టి చూడడం అవసరం. ఆ జీవితాన్ని గడిపినవారే దానిని సందేహించారు.

కావ్యాల్లో దొంగ వేరుగా కనిపిస్తాడు. 13వ శతాబ్దిలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చిన 'దశకుమారచరిత్రము'లోని అపహారవర్మ చౌర్యాన్ని ఒక విద్యగా అభ్యసించినవాడు. దండి సంస్కృత మూలంలో కన్నం వేసేవాడి పనిముట్ల పట్టికే ఉంది. గోడ కొలవడానికి కొలతాడు, కన్నంలోనుంచి ముందుగా లోపలికి జొనిపి చూసే కొయ్య తలకాయ, ఇంట్లో దీపం ఆర్పడానికి పురుగుల భరిణె అందులో ఉన్నాయి. ఈ పట్టికను తిరగేసి చదివితే ఆనాటి ఇంటి రక్షణ పట్టిక దొరుకుతుంది. గోడ మట్టిది లేదా ఇటుకది, తవ్వడానికి వీలైనది. లోపల మేల్కొన్నవాడు కన్నం దగ్గర కత్తితో కాచుకొని ఉండవచ్చు. వెలుగుతున్న దీపమే కాపలా. తలుపు పగలగొట్టడం కన్న గోడకు కన్నం వేయడమే దొంగకు సులువైన చోట 'కన్నపుదొంగ' అన్న మాట పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

అపహారవర్మ రాకుమారుల కథలో ఒకడు. లోభులైన ధనికుల సొమ్ము హరించడం అతని కథలో చాతుర్యంగా, ఒక విధమైన న్యాయంగా చిత్రితమైంది. దొంగను పుట్టుకతో, కులంతో ముడిపెట్టే ఆలోచన అక్కడ లేదు. దొంగతనం నేర్చుకొన్న పని, వదిలేయగల పని. ఈ తేడా తర్వాతి చర్చకు కీలకం.

తలారి – మేర – జాడ

ఊరి కావలికి స్థిరమైన రూపం తలారి వ్యవస్థ. 1812 నాటి ఐదవ నివేదిక మద్రాసు రాజధానిలోని గ్రామోద్యోగులను వర్ణిస్తూ తలారికీ తోటికీ పని విభజన చెప్పింది. నేరాల సమాచారం సేకరించడం, ఒక ఊరినుంచి మరో ఊరికి పోయే ప్రయాణికులకు తోడుగా వెళ్ళడం తలారి పని. పంటల కాపలా, వాటి కొలతల్లో సాయం వంటి ఊరి లోపలి పనులు తోటివి. వీరికి ప్రతిఫలం నగదు జీతం కాదు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ముట్టే మేర, పన్ను తగ్గించిన మాన్యం భూమి. అంటే పంట బాగుంటే కావలివాడి బతుకు బాగుంటుంది. ఊరి క్షేమమూ అతని క్షేమమూ ఒకే కళ్ళంలో కొలిచేవారు.

దక్షిణాదిన వ్యాపించిన కావలి సంప్రదాయంలో బాధ్యత కూడా అంతే స్పష్టం. సొమ్ము పోతే కావలివాడు జాడ తీయాలి. అడుగుజాడ పొరుగూరి పొలిమేర దాటితే బాధ్యత ఆ ఊరికి మారుతుంది. జాడ దొరకకపోతే నష్టం పూడ్చవలసింది కావలివాడే. ఇది ఒక విధమైన పూచీ ఒప్పందం. ఇంటి యజమాని మేర రూపంలో ముందే చెల్లిస్తాడు, నష్టం జరిగితే కావలి నుంచి రాబట్టుకొంటాడు.

అయితే ఈ ఏర్పాటులో ఒక వైరుధ్యం ఉంది. తలారి, వెట్టి పనులు చాలాచోట్ల ఊరి వెలుపల నివసించే కులాల వంతు. నెల్లూరు ప్రాంతంలో యానాదులను కావలికి పెట్టుకొనేవారని ఎడ్గార్ థర్స్టన్ గ్రంథం (1909) వంటి రచనలు నమోదు చేశాయి. ఎవరి చేతికి ఊరి రాత్రిని అప్పగించారో వారికి ఊళ్ళో ఇల్లు లేదు. ఎవరి అరుగుల కోసం వారు మేలుకొన్నారో ఆ అరుగుల మీద కూర్చొనే హక్కు వారికి లేదు. దొంగతనం జరిగినప్పుడు మొదటి అనుమానం కూడా వారి మీదికే పోవడం ఈ స్థితికి కొనసాగింపు.

కంపెనీ పాలన కావలి హక్కులను క్రమంగా తన అధీనంలోకి తీసుకొంది. 1816 రెగ్యులేషన్లు గ్రామ మునసబుకు పోలీసు బాధ్యత అప్పగించాయి. 1859 చట్టంతో మద్రాసు రాజధానిలో ప్రత్యేక పోలీసుశాఖ ఏర్పడింది. తలారి మిగిలాడు గాని అతని పని మారింది. అంతవరకు ఊరికి జవాబుదారిగా ఉన్నవాడు ఇకపై ఠాణాకు కబురు మోసేవాడయ్యాడు. నష్టం పూడ్చే బాధ్యత పోయింది, నిఘా పెట్టే బాధ్యత పెరిగింది. 1984లో కరణం, మునసబు పదవులు రద్దైన తర్వాత కూడా ఈ కింది అంచె పని వేరే పేర్లతో కొనసాగింది.

ఎరుకలసాని నుంచి 'నేరస్థ తెగ' దాకా

తీరప్రాంతపు ఉప్పు కొఠార్ల నుంచి ఉప్పును పశువుల మీద లోపలి ఊళ్ళకు చేరవేసి, తిరుగు ప్రయాణంలో ధాన్యం తెచ్చే సంచార వర్తకుల్లో ఎరుకలవారు ముఖ్యులు. బుట్టలు, చాపలు అల్లడం, సోది చెప్పడం వారి ఇతర వృత్తులు. కొరవంజి, యక్షగానాల్లో ఎరుకలసాని పాత్రకు గౌరవస్థానం ఉంది. నాయిక మనసులోని మాట చెప్పగలిగేది ఆమె. రాజాంతఃపురంలోకి కూడా ఆమెకు అడ్డులేదు. గుమ్మం దాటి లోపలి వసారాలోకి రాగల అరుదైన బయటి వ్యక్తి ఎరుకలసాని.

19వ శతాబ్ది చివరికి ఇదే రాకపోకలకు అర్థం మారింది. 1892లో వెలువడిన ముల్లాలీ పోలీసు గ్రంథం మద్రాసు రాజధానిలోని కొన్ని కులాలను నేరవర్గాలుగా వర్ణించింది. కొరవ, ఎరుకల స్త్రీలు సోది పేరుతో ఇళ్ళ ఆనుపానులు తెలుసుకొంటారన్నది ఆ తరహా రచనల్లో పదేపదే వచ్చే ఆరోపణ. యక్షగానంలో జ్ఞానానికి గుర్తైన ప్రవేశం పోలీసు గ్రంథంలో నేరానికి గుర్తైంది. ఈ మార్పు వెనుక ఆర్థిక కారణాలున్నాయని మీనా రాధాకృష్ణ పరిశోధన (2001) వివరించింది. ప్రభుత్వ ఉప్పు విధానం, రైలుమార్గాలు సంచార వర్తకాన్ని దెబ్బతీశాయి. వర్తకం పోయిన తర్వాత మిగిలిన సంచారం అనుమానానికి కారణమైంది.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 నాటి కొత్త రూపంలో మద్రాసు రాజధానికి విస్తరించింది. పట్టికలో చేరినవారు పోలీసులకు హాజరు చెప్పాలి, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటరాదు. బాపట్ల–చీరాల మధ్య 1913లో ఏర్పడిన సెటిల్మెంటుకు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్టు పేరు మీద స్టువర్టుపురం అని పేరు వచ్చింది. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఉండేది. తెలుగులో ఆ సంస్థ పేరు రక్షణ సైన్యం. ఆత్మరక్షణ అన్న మతార్థమూ ఆస్తిరక్షణ అన్న లౌకికార్థమూ ఒకే మాటలో కలిసిన అరుదైన సందర్భమిది. సెటిల్మెంటు వాసులకు కొంత సాగుభూమి ఇచ్చారు. చీరాలలోని పొగాకు కంపెనీ ఫ్యాక్టరీకి అది కూలీలను కూడా సమకూర్చింది. అంటే ఊరికి భయమైనవారే ఊరి పరిశ్రమకు చేతులయ్యారు.

ఈ చరిత్రను తెలుగు నవల వెంటనే పట్టుకొంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి 'మాలపల్లి'లో రామదాసు కుటుంబం అనుభవించిన కష్టాల్లో సెటిల్మెంటు ఒక భాగం. నేరం చేయనివారు నేరస్థుల మధ్య, హాజరుపట్టీ కింద, సంస్కరణ పేరుతో జరిగే నిర్బంధంలో బతకవలసి వస్తుంది. అదే నవలలో వెంకటదాసు ధనికులను దోచి పేదలకు పంచే దళానికి నాయకుడవుతాడు. కేతన అపహారవర్మకు, ఉన్నవ వెంకటదాసుకు మధ్య పోలిక గమనింపదగినది. ఇద్దరూ ధనికుల ఇళ్ళనే లక్ష్యం చేసుకొంటారు. అపహారవర్మ విద్య కొద్దీ, వెంకటదాసు అన్యాయం కొద్దీ దొంగలవుతారు. పుట్టుక కొద్దీ ఎవరూ కారు. చట్టం కులానికి అంటగట్టిన నేరాన్ని సాహిత్యం రెండుసార్లు, ఏడు వందల ఏళ్ళ ఎడంతో, మనిషి పరిస్థితికి తిరిగి ముడివేసింది. మద్రాసు ప్రభుత్వం 'మాలపల్లి'ని నిషేధించడాన్ని ఈ నేపథ్యంలో కూడా అర్థం చేసుకోవాలి.

1921: ఇల్లు విడిచిన ఊరు

చీరాల, పేరాల గ్రామాలను కలిపి 1919లో మునిసిపాలిటీ చేశారు. జనాభా సుమారు 15,000. అంతకు ముందు యూనియన్‌గా ఉన్నప్పుడు వసూలయ్యే పన్ను సుమారు 4,000 రూపాయలు. మునిసిపాలిటీతో అది సుమారు 40,000 రూపాయలకు పెరిగే స్థితి వచ్చింది. నేతగాళ్ళు, చిన్న రైతులు ఎక్కువగా ఉన్న ఊరికి ఇది మోయరాని బరువు. వీధి దీపాలు, పారిశుద్ధ్యం వంటి పట్టణ సౌకర్యాల పేరుతో వచ్చిన ఈ పన్నును ప్రజలు తమ ఇళ్ళ మీదికి వచ్చిన ముప్పుగా చూశారు. పన్ను కట్టనందుకు శిక్ష పడినవారిలో ఒక స్త్రీ కూడా ఉన్నారు.

ఉద్యమానికి నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889–1928). ఎడింబరోలో చదివి వచ్చిన ఆయన రామదండు అనే స్వచ్ఛంద దళాన్ని తీర్చిదిద్దారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశాల్లో జనసందోహాన్ని క్రమంలో పెట్టినది ఈ దండే. ఆ తర్వాత గాంధీ చీరాల వచ్చి రెండు మార్గాలు సూచించారు. అహింసాయుతంగా పన్ను నిరాకరించడం ఒకటి, మునిసిపల్ హద్దులు దాటి ఊరు విడిచిపోవడం రెండవది. ప్రజలు రెండవదాన్ని ఎన్నుకొన్నారు. జనంలో అత్యధికులు, పదమూడు వేలకు పైగా, ఊరి వెలుపల రామనగర్ అని పేరు పెట్టుకొన్న గుడిసెల్లో సుమారు పదకొండు నెలలు గడిపారు.

గృహరక్షణ చరిత్రలో ఈ ఘట్టానికి ప్రత్యేకమైన అర్థం ఉంది. మగ్గం ఉన్న ఇల్లు విడవడమంటే నివాసంతో పాటు జీవనాధారాన్ని విడవడం. పెంకు కప్పు కింది నుంచి తాటాకు కప్పు కిందికి, ఎండకు వానకు నిప్పుకు ఎదురుగా రావడం. రక్షణ కోసం ఇన్ని తరాలుగా కట్టుకొన్న గోడలను ఒక ఊరు ఇష్టపూర్వకంగా వదలివచ్చింది. దీనికి ఆధారం ఇల్లంటే గోడలు కావు, కలిసి ఉన్న మనుషులు అన్న నమ్మకం. అరుగును, వీధిని, కావలిని రామదండు రూపంలో ఆ ఊరు కొత్తచోట మళ్ళీ నిర్మించుకొంది. జీతం లేని, కులం నిర్ణయించని కావలి రామదండు. తలారి వ్యవస్థతో పోల్చినప్పుడు దీనిలోని కొత్తదనం ఇదే. కాపాడేవాడూ కాపాడబడేవాడూ ఒకే గుడిసెల వరుసలో ఉన్నారు.

గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి ఏడాది పాటు తిరుచినాపల్లి జైలులో ఉంచారు. నాయకుడు లేక, డబ్బు లేక, ప్రజలు క్రమంగా పాత ఇళ్ళకు మళ్ళారు. ఓటమిగా ముగిసిన ఈ ప్రయోగాన్ని జాతీయోద్యమ చరిత్రలో పన్నుల నిరాకరణ శీర్షిక కింద చదవడం అలవాటు. ఇల్లు అన్న భావనకు జరిగిన పరీక్షగా చదివినప్పుడు దాని ప్రాముఖ్యం పన్ను అంకెలతో తీరిపోదు.

ఇక్కడ ఒక సంగతిని పక్కన పెట్టడం కుదరదు. చీరాల ప్రజలు స్వేచ్ఛగా ఊరు విడిచి గుడిసెల్లో ఉన్న ఆ 1921లోనే, కొద్ది మైళ్ళ అవతల స్టువర్టుపురం కుటుంబాలు అనుమతి చీటీ లేకుండా కదలలేని స్థితిలో ఉన్నాయి. ఒక గుడిసెల వరుస ఆత్మగౌరవానికి చిహ్నంగా చరిత్రకెక్కింది. మరొక వరుస నేరానికి మారుపేరైంది. రెండింటి కప్పూ ఒకటే, తేడా కదిలే హక్కులో ఉంది.

తుపాను, కప్పు, తర్వాతి కాలం

నేరస్థ తెగల చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. పేరుకు అంటిన ముద్ర అంత త్వరగా పోలేదు. 1970లలో హేమలత, లవణం దంపతులు అక్కడ చేపట్టిన సంస్కరణ కృషి ఆ ముద్రను లోపలినుంచి చెరపడానికి జరిగిన ప్రయత్నం. జాషువ కుమార్తె హేమలత ఈ పనికి పూనుకోవడం సాహిత్య చరిత్రకు కూడా సంబంధించిన విషయమే.

1977 నవంబరు 19న చీరాల సమీపంలో తీరం దాటిన తుపాను దివిసీమలో పెను విషాదం మిగిల్చింది. వేల ప్రాణాలు పోయాయి. తాళానికీ కావలికీ సంబంధం లేని ముప్పు ఇది. గట్టి కప్పు ఉన్న బడి, గుడి, చర్చి ఊరందరికీ ఇల్లు కావలసిన అవసరాన్ని అది గుర్తుచేసింది. తర్వాత తీరం వెంబడి కట్టిన తుపాను ఆశ్రయాలు సామూహిక గృహానికి కొత్త రూపం. ఏ కులం వారైనా ఒకే కప్పు కింద రాత్రి గడపవలసిన చోటు అది. అరుగు చేయలేని పని ఆ కప్పు చేసింది.

ఇటీవలి కాలంలో వీధి వైపు అరుగులు కాలువలకు, మెట్లకు, దుకాణపు గదులకు చోటిచ్చాయి. మరమగ్గాల పోటీతో పడుగు చాపే వీధులు తగ్గాయి. వాటి స్థానంలో ఇనుప గ్రిల్లు, సీసీ కెమెరా, తాళం వేసిన ఇళ్ళ మీద పోలీసుశాఖ పెట్టే ఎలక్ట్రానిక్ నిఘా వచ్చాయి. చూపు మిగిలింది, చూసే మనిషి మారాడు.

ముగింపు

పై పరిశీలనవల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, చిన్న పట్టణంలో ఇంటి భద్రత గోడ, గడియల కన్న వీధిలోని పని మీద, పొరుగు మీద ఆధారపడింది. ఆ పని తగ్గినప్పుడు భద్రత యంత్రం చేతికి పోయింది. రెండవది, ఆ భద్రతకు మూల్యం సమానంగా పంచుకోలేదు. తలారి మేలుకొన్నందువల్ల ఊరు నిద్రపోయింది. ఎరుకల కుటుంబాలను కదలనీయకపోవడంవల్ల ఆస్తిపరులకు నిబ్బరం కలిగింది. మూడవది, చట్టం, పోలీసు గ్రంథాలు నమోదు చేసిన దొంగకు, కేతన నుంచి ఉన్నవ దాకా సాహిత్యం నమోదు చేసిన దొంగకు పొంతన లేదు. సాంఘిక చరిత్రకారుడు రెండు ఆకరాలనూ ఎదురెదురుగా పెట్టి చదవాలి.

చీరాల వారసత్వాన్ని గురించి మాట్లాడేటప్పుడు రుమాలు, మగ్గం, రామదండు మాత్రమే గుర్తుకు రావడం సహజం. పడుగు చాపిన వీధి, తలారి కళ్ళం మేర, స్టువర్టుపురం హాజరుపట్టీ కూడా అదే వారసత్వంలో భాగాలు. అరుగు మీద కూర్చొన్నవారి జ్ఞాపకాలు ఇప్పటికే అచ్చులో చాలా ఉన్నాయి. అరుగు ఎక్కనీయకుండా కావలి కాయించుకొన్నవారి జ్ఞాపకాలు కూడా మౌఖిక చరిత్రగా సేకరణకు వచ్చినప్పుడే ఈ ప్రాంతపు ఇంటి చరిత్ర పూర్తవుతుంది.